చీలిన శ్వాసనాళాన్ని కుట్టకుండా ఎందుకు ఉంచారు?

ప్రశ్న: మా అమ్మ వయసు 61. మనిషి పొట్టి, సన్నం. పిత్తాశయంలో రాళ్లున్నాయని లాపరోస్కోపీ ఆపరేషన్ చేశారు. అంతా బాగా జరిగిందన్నారు. గదిలోకి తెచ్చిన మూడు గంటలకు పెద్ద దగ్గు తెర వచ్చింది. ఆ తర్వాత మెడ ఉబ్బడం మొదలైంది. చేత్తో తాకితే చర్మం కింద చిటపటమని చప్పుడు. కడుపులోకి ఎక్కించిన గ్యాస్ పైకి పాకి ఉంటుంది, తగ్గిపోతుందని మొదట చెప్పారు. రాత్రికి చెంపలు, కనురెప్పలు కూడా ఉబ్బి కళ్లు తెరవలేకపోయింది. గొంతు మారిపోయింది. సీటీ స్కాన్, బ్రాంకోస్కోపీ చేసి, శ్వాసనాళం వెనక గోడ రెండున్నర సెంటీమీటర్ల మేర నిలువుగా చీలిందన్నారు. అన్నవాహిక బాగానే ఉందట. ఇవాళ నాలుగో రోజు. ఐసీయూలో ఉంచారు. సొంతంగానే ఊపిరి తీసుకుంటోంది. నోటితో ఏమీ ఇవ్వడం లేదు. ఆపరేషన్ అవసరం లేదు, కనిపెట్టి చూస్తాం అంటున్నారు. ఊపిరి ఆడే గొట్టానికి చిల్లు పడితే కుట్టకుండా ఎలా వదిలేస్తారు? అన్నయ్య వెంటనే వేరే ఆసుపత్రికి మార్చాలంటున్నాడు. అమ్మకు ఉబ్బసం ఉంది, ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడింది. ఇది ఎవరి తప్పు? అమ్మ మళ్లీ మామూలు మనిషి అవుతుందా?

సమాధానం: మీరు ఉత్తరం మధ్యలో, పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ‘సొంతంగానే ఊపిరి తీసుకుంటోంది’ అన్నారు. మీ అమ్మగారి విషయంలో అన్నిటికన్నా విలువైన సమాచారం అదే. చీలిక రెండున్నర సెంటీమీటర్లన్న లెక్క కన్నా కూడా దాని విలువ ఎక్కువ. మీ భయాన్ని నేను తక్కువ చేయడం లేదు. కన్నతల్లి ముఖం గుర్తుపట్టలేనంతగా ఉబ్బితే ఎవరికైనా కాళ్ల కింద నేల కదులుతుంది. కానీ మీ డాక్టర్లు ఆమెను వదిలేయలేదు. కుట్టకుండా కాపలా కాయడం కూడా ఒక వైద్యమే. దానికి కచ్చితమైన షరతులున్నాయి. ఆ షరతులు తెలిస్తే రేపు ఐసీయూ బయట నిలబడి ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

ముందు శ్వాసనాళం ఎలా ఉంటుందో చూద్దాం. మీ వేలిని గొంతు ముందు, స్వరపేటిక కిందుగా పెట్టి మెల్లగా కిందికి జార్చండి. గట్టిగా, మెట్లు మెట్లుగా తగులుతుంది. అవి మృదులాస్థి వలయాలు. పెద్దవాళ్లలో శ్వాసనాళం పొడవు సుమారు 10 నుంచి 12 సెంటీమీటర్లు, అందులో 16 నుంచి 20 దాకా ఇలాంటి వలయాలుంటాయి. వలయాలని పేరే గానీ అవి పూర్తి గుండ్రంగా ఉండవు. గుర్రపు లాడంలా వెనక వైపు తెరిచి ఉంటాయి. ఆ వెనక భాగాన్ని మూసేది పలచని కండరపు పొర. దానికి ఆనుకునే అన్నవాహిక ఉంటుంది. మింగిన ముద్ద దిగుతున్నప్పుడు అన్నవాహిక కాస్త ముందుకు ఉబ్బడానికి ఆ మెత్తదనం పనికొస్తుంది. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేటప్పుడు, గాలి పంపడానికి గొంతులోంచి శ్వాసనాళంలోకి ఒక గొట్టం వేస్తారు. దానివల్ల గాయమైతే అది దాదాపు ఎప్పుడూ ఈ మెత్తని వెనక గోడ మీదే, నిలువుగానే అవుతుంది. వలయాలు ముందు నుంచి పట్టి ఉంచుతాయి కాబట్టి నిలువు చీలిక పెదవులు మరీ దూరంగా జరగవు. వెనక అన్నవాహిక ఆనుకొని ఉండి, అతుకు వేసినట్టు ఆసరా ఇస్తుంది. కుట్టకపోయినా మానే అవకాశం ఈ నిర్మాణంలోనే ఉంది.

ఇక ఊపిరి సంగతి. మనం సొంతంగా శ్వాస తీసుకునేటప్పుడు ఛాతీ విప్పారి గాలిని లోపలికి లాగుతుంది. వెంటిలేటర్ అయితే గాలిని లోపలికి నెడుతుంది. చూడటానికి రెండూ ఒకటే. చీలిక ఉన్న గోడకు మాత్రం ఆ రెంటికీ చాలా తేడా. నెట్టిన గాలి చీలికలోంచి బయటి కణజాలంలోకి దూరుతుంది. నెమ్మదిగా లాగిన గాలికి అంత ఒత్తిడి ఉండదు. సొంతంగా ఊపిరి తీసుకుంటున్న మనిషిలో రెండున్నర సెంటీమీటర్ల చీలిక ప్రశాంతంగా మానవచ్చు. అంతే చీలిక ఉండి, ఊపిరితిత్తులు చెడి, యంత్రం గట్టిగా నెడితే తప్ప బతకలేని మనిషి పరిస్థితి వేరు. అందుకే మొదట ఆ వాక్యం దగ్గర ఆగాను.

యంత్రం లేకపోయినా ఒత్తిడి పెంచే పని మనిషి చేసేది ఒకటుంది: దగ్గు. మీ అమ్మగారికి ఆపరేషన్ బల్ల మీద ఏమీ కనిపించకపోవడానికి, మూడు గంటల తర్వాత దగ్గు తెరతో అంతా బయటపడటానికి కారణం ఇక్కడే ఉంది. గొంతులో గొట్టం ఉన్నంతసేపూ దాని చివర ఉన్న గాలి బుడగ, అంటే కఫ్, చాలాసార్లు చీలికను లోపలి నుంచి కప్పి ఉంచుతుంది. గొట్టం తీసేశాక ఆ కప్పు పోతుంది. తర్వాత వచ్చిన మొదటి పెద్ద దగ్గుకు గాలి చీలికలోంచి తన్నుకొని బయటికి వచ్చి, ఛాతీ మధ్యలో గుండె, పెద్ద రక్తనాళాలు ఉండే చోట చేరి, అక్కడి నుంచి కండరాల మధ్య సందుల వెంట మెడలోకి, ముఖంలోకి పాకుతుంది. కొందరిలో ఇది ఆపరేషన్ అవుతుండగానే తెలుస్తుంది. కొందరిలో ఒకటి రెండు రోజులు గడిచాక కూడా బయటపడుతుంది.

మీరు విన్న ఆ చిటపట చర్మం కింది గాలి బుడగలు వేలి కింద నలిగే చప్పుడు. నీటి వాపు నొక్కితే గుంట పడుతుంది. ఈ వాపు నొక్కితే పొడి ఇసుక మీద అడుగు వేసినట్టు కరకరమంటుంది. ఒకసారి తాకిన చేయి దాన్ని మరిచిపోదు. చూడటానికి భయంకరంగా ఉన్నా, చర్మం కింద చేరిన గాలి దానంతట అది సాధారణంగా ప్రాణం తీయదు. కనురెప్పలు మూసుకుపోవడం వల్ల చూపు దెబ్బతినదు. గాలి రావడం ఆగితే ఒంట్లో ఉన్నది కొన్ని రోజుల నుంచి రెండు వారాల్లో పీల్చుకుపోతుంది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టి ఉంటే అదీ ఇందుకు కొంత సాయపడుతుంది. మామూలు గాలిలో నాలుగింట మూడు వంతులకు పైగా ఉండే నైట్రోజన్ నెమ్మదిగా తప్ప రక్తంలో కలవదు. ఆక్సిజన్ పీలుస్తున్నప్పుడు రక్తంలో నైట్రోజన్ తగ్గి, చిక్కుకున్న గాలి తొందరగా కరుగుతుంది.

మొదట ‘ఆపరేషన్ గ్యాస్’ అనుకున్నందుకు మీ ఇంట్లో కోపం ఉన్నట్టుంది. ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. లాపరోస్కోపీలో కడుపును ఉబ్బించడానికి కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తారు. అది చర్మం కిందకు చేరి మెడ దాకా పాకడం నిజంగానే జరుగుతుంది. మొదటి గంటల్లో ఆ అనుమానం రావడం సహజం. కానీ కార్బన్ డయాక్సైడ్ రక్తంలో చాలా తొందరగా కలిసిపోతుంది. ఆ వాపు గంటలు గడిచేకొద్దీ తగ్గాలి. ఆపరేషన్ ముగిసి గ్యాస్ ఆపేశాక మొదలైన వాపు, గంటగంటకూ పెరిగే వాపు, గొంతు మార్పుతో వచ్చిన వాపు అయితే గాలి ఇంకెక్కడి నుంచో వస్తున్నట్టే. మీ డాక్టర్లు ఆ రాత్రే స్కాన్ దాకా వెళ్లారు. ఆలస్యమైనా దారి తప్పలేదు.

నిర్ధారణ ఎలా జరుగుతుందో కూడా తెలుసుకోండి. రిపోర్టులు చదివేటప్పుడు పనికొస్తుంది. ఛాతీ ఎక్స్‌రేలో చర్మం కింద, గుండె చుట్టూ నల్లని గాలి చారలు కనిపిస్తాయి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది ముడుచుకుపోతే అదీ తెలుస్తుంది. గాలి ఎక్కడికి చేరిందో ఎక్స్‌రే చెబుతుంది. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేదు. సీటీ స్కాన్ ఇంకొంచెం ముందుకు వెళ్లి, వెనక గోడలో తెగిన చోటును చాలాసార్లు పట్టిస్తుంది. రోగికి ఇంకా గొట్టం ఉంటే కఫ్ ఆకారం మారి వెనక్కి పొడుచుకు వచ్చిందా అని కూడా అందులో చూస్తారు. అయినా చివరి మాట బ్రాంకోస్కోపీదే. సన్నని కెమెరా గొట్టంతో లోపలికి వెళ్లి కళ్లతో చూసే పరీక్ష అది. గులాబీ రంగు గోడ మీద ముందు వైపు వలయాలు తెల్లని చారల్లా కనిపిస్తుంటాయి. వెనక మెత్తని గోడ మీద నిలువు గీత, ఒక్కోసారి ఊపిరితో పాటు తెరుచుకొని మూసుకునే గీత ఉంటుంది. చీలిక పైపొర వరకేనా, కండరం దాకా వెళ్లిందా, గోడను పూర్తిగా దాటి అవతలి కణజాలం లోపలికి తొంగి చూస్తోందా, కింద శ్వాసనాళం రెండుగా చీలే కూడలికి ఎంత దూరంలో ఉంది అన్న ప్రశ్నలకు జవాబు దొరికేది అక్కడే. గొట్టంతో ఉన్న రోగికి ఈ పరీక్ష చేసేటప్పుడు గొట్టాన్ని జాగ్రత్తగా కొంచెం పైకి లాగి చూడాలి. లేదంటే గాయం గొట్టం చాటునే దాగిపోతుంది.

ఛాతీ మధ్యలో గాలి కనిపించిన ప్రతిసారీ శ్వాసనాళం చీలినట్టు కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఉబ్బసం తీవ్రమైనప్పుడు, విపరీతంగా దగ్గినప్పుడు ఊపిరితిత్తిలోని చిన్న గాలి సంచులు పగిలి, ఆ గాలి రక్తనాళాల పొరల వెంట ఛాతీ మధ్యకు చేరుతుంది. అది చాలావరకు తేలికగానే తగ్గిపోతుంది. గట్టిగా వాంతులయ్యాక అన్నవాహిక పగిలి గాలి చేరితే మాత్రం అది చాలా ప్రమాదకరం. మీ అమ్మగారికి ఉబ్బసం ఉంది కాబట్టి డాక్టర్లు ఊహ మీద ఆధారపడకుండా కెమెరాతో చూడటం, అన్నవాహికను కూడా పరీక్షించడం సరైన పని. ‘అన్నవాహిక బాగానే ఉందట’ అని మీరు రాసిన మాట నేను ఊరట చెందిన రెండో వాక్యం.

ఇక మీ అసలు ప్రశ్న. కుట్టవచ్చు కదా? కుట్టవచ్చు. ఒకప్పుడు చీలిక రెండు సెంటీమీటర్లు దాటితే కుట్టాలనే చాలామంది అనుకునేవారు. తర్వాత అనుభవం పెరిగేకొద్దీ పొడవు ఒక్కటే కొలబద్ద కాదని తేలింది. 2010లో ఇటలీ వైద్యులు ప్రతిపాదించిన, ఇప్పుడు చాలాచోట్ల వాడుతున్న ఒక వర్గీకరణ పొడవును పక్కన పెట్టి లోతును చూస్తుంది. గాయం పైపొర వరకే ఉంటే మొదటి స్థాయి. కండరం దాకా వెళ్లి గాలి బయటికి వచ్చినా, అన్నవాహిక బాగుండి, ఛాతీ మధ్యలో చీము పట్టకుండా ఉంటే రెండో స్థాయి. ఈ రెంటికీ కుట్లు అక్కర్లేదు. గోడ పూర్తిగా తెగి అన్నవాహికో చుట్టుపక్కల కణజాలమో లోపలికి పొడుచుకు వస్తే మూడో స్థాయి. ఇలాంటి గాయాలు చూసిన అనుభవం ఉన్న చోట అక్కడ కూడా కొందరిని కుట్టకుండా కనిపెట్టి చూస్తారు. అన్నవాహిక కూడా తెగినా, ఛాతీ మధ్యలో ఇన్ఫెక్షన్ మొదలైనా మాత్రం ఆపరేషన్ తప్పదు. మీ అమ్మగారిది ఏ స్థాయో డాక్టరును అడగండి. మీరు రాసినదాన్ని బట్టి రెండోది కావచ్చనిపిస్తోంది. కెమెరాతో చూసినవారు చెప్పేదే ప్రమాణం.

కుట్టడమంటే ఏమిటో కూడా తెలియాలి. శ్వాసనాళం పైభాగంలో చీలితే మెడ మీద కోత పెట్టి చేరుకోవచ్చు. గొట్టం వల్ల అయ్యే చీలికలు చాలావరకు కింది భాగంలో ఉంటాయి. అక్కడికి చేరాలంటే సాధారణంగా కుడి పక్కటెముకల మధ్య ఛాతీ తెరవాలి. కుడి ఊపిరితిత్తికి గాలి ఆపి, ఎడమదానితోనే మనిషిని నడపాలి. అందుకోసం చీలిన చోటును దాటించి మళ్లీ ఒక గొట్టం వేయాలి. కరిగిపోయే దారాలతో కుట్టి, పక్కటెముకల మధ్య కండరాన్నో పక్కనున్న పొరనో తెచ్చి పైన ఆసరాగా కప్పాలి. ఆ తర్వాత ఛాతీలో గొట్టాలు, పెద్ద గాయం నొప్పి, ఆ నొప్పితో సరిగా ఊపిరి తీసుకోలేక కఫం పట్టే ముప్పు. స్టెరాయిడ్లు వాడిన ఒంట్లో కుట్లు మానడం కూడా నెమ్మది. ఇది అవసరమైన చోట ప్రాణం నిలిపే ఆపరేషన్. అవసరం లేని చోట, 61 ఏళ్ల ఉబ్బసం మనిషికి, తానే మానుతున్న గాయం మీద మోపే కొత్త భారం. మీ డాక్టర్లు చేతకాక ఆగారని అనుకోకండి, తూకం వేసి ఆగారు.

శ్వాసమార్గపు గాయం తనంతట తాను మానగలదని వైద్య గ్రంథాలకెక్కిన మొదటి సాక్ష్యం మనిషిది కూడా కాదు. 1871లో విన్‌స్లో అనే వైద్యుడు, వేటలో చనిపోయిన ఒక బాతులో ఎప్పుడో తెగి మానిపోయిన శ్వాసనాళ శాఖను గమనించి రాశాడు. ఆ గాయంతోనే అది ఎగిరింది, ఈదింది. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు ఒంటికి మానుకునే శక్తి ఎంతుందో అని చాలాసేపు ఆలోచించాను.

అయితే ఏ షరతుల మీద ఆగవచ్చు? మనిషి సొంతంగా ఊపిరి తీసుకోవాలి. రక్తంలో ఆక్సిజన్ నిలకడగా ఉండాలి. చర్మం కింది గాలి పెరగడం ఆగాలి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరితే చిన్న గొట్టం వేసి తీయాలి, ఆ గొట్టంలోంచి గాలి ఆగకుండా రాకూడదు. జ్వరం, ఛాతీ నొప్పి, గుండె వేగం పెరగడం వంటి ఇన్ఫెక్షన్ గుర్తులు ఉండకూడదు. ఈ మధ్యలో యాంటీబయాటిక్ ఇస్తారు, తల వైపు ఎత్తుగా పడుకోబెడతారు, దగ్గును మందులతో అదుపులో పెడతారు, కొన్ని రోజుల తర్వాత కెమెరాతో మళ్లీ చూస్తారు. ఇందులో ఏ ఒక్కటి తలకిందులైనా నిర్ణయం మారుతుంది, మారాలి కూడా. గాలి పెరుగుతూ ఊపిరి కష్టమైతే చీలికను దాటించి గొట్టం వేసి దాని కఫ్ కిందకు ఉండేలా చూస్తారు. కొందరికి లోపల స్టెంట్ పెడతారు. అదీ కుదరకపోతే ఆపరేషన్. కాబట్టి రోజూ పొద్దున మీరు అడగాల్సిన ప్రశ్నలు ఇవే: నిన్నటి కన్నా గాలి తగ్గిందా, జ్వరం ఉందా, మళ్లీ బ్రాంకోస్కోపీ ఎప్పుడు, పరిస్థితి చెడితే ఛాతీ సర్జన్ ఎంతసేపట్లో రాగలరు?

ఆ చివరి ప్రశ్నే మీ అన్నయ్యగారికి నా జవాబు. ఆ ఆసుపత్రిలో ఛాతీ శస్త్రవైద్యుడు, బ్రాంకోస్కోపీ, ఐసీయూ మూడూ ఉంటే, ఆమె నిలకడగా ఉంటే, ఈ రోజు కదిలించడం వల్ల లాభం నాకు కనిపించడం లేదు. దారిలో ఉబ్బసం వచ్చినా, గట్టిగా దగ్గినా, వాహనంలో హడావిడిగా గొట్టం వేయాల్సి వచ్చినా ఇప్పుడు లేని ప్రమాదం కొత్తగా తెచ్చుకున్నట్టవుతుంది. ఆ మూడింటిలో ఒకటి లేకపోతే మాత్రం అన్నయ్య మాటే సరైనది. అప్పుడు మార్చాల్సింది ఆమె బాగున్నప్పుడే, పరిస్థితి విషమించాక కాదు. మార్చే ముందు రెండు ఆసుపత్రుల డాక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, స్కాన్లు, కెమెరా చిత్రాలు ముందే చేరాలి, దారిలో గొట్టం వేయగల డాక్టరు వెంట ఉండాలి. రెండో అభిప్రాయం కావాలంటే మనిషిని కదిలించకుండానే ఆ చిత్రాలు వేరే ఛాతీ సర్జన్‌కు చూపించవచ్చు. అది అడగడం మీ హక్కు. మంచి డాక్టరు దానికి నొచ్చుకోరు.

రోడ్డు ప్రమాదాల్లో చీలిన శ్వాసనాళం కథ పూర్తిగా వేరు. ఎవరైనా పోల్చి మిమ్మల్ని భయపెట్టవచ్చు కాబట్టి రెండు మాటలు. ఛాతీకి బలమైన దెబ్బ తగిలినప్పుడు అయ్యే గాయాలు ఎక్కువగా కింద కూడలికి రెండున్నర సెంటీమీటర్ల లోపే ఉంటాయి. వలయాలే విరగవచ్చు, గొట్టం అడ్డంగా తెగిపోవచ్చు, చుట్టూ ఇతర అవయవాలు దెబ్బతినవచ్చు. అక్కడ కుట్టడమే ఎక్కువసార్లు దారి. ఛాతీలో వేసిన గొట్టం నుంచి గాలి ఆగకుండా వస్తున్నా, గొట్టం వేశాక కూడా ఊపిరితిత్తి విప్పారకపోయినా శ్వాసనాళమో దాని శాఖో తెగి ఉండవచ్చని వెంటనే అనుమానించాలి. మీ అమ్మగారి గాయం ఆ కోవలోది కాదు.

పక్కన కూర్చున్నప్పుడు మీరు చేయగలిగినవి చిన్నవే, కానీ పనికొచ్చేవి. ఆమెతో మాట్లాడించకండి. ప్రశ్నలన్నీ అవును, కాదు అని తల ఊపితే సరిపోయేలా అడగండి. చేతికి పలక, పెన్ను ఇవ్వండి. వాపును పదే పదే నొక్కి చూడకండి, చుట్టాలను నొక్కనివ్వకండి. గొంతు తడుపుకోవడానికని జాలిపడి గుక్కెడు నీళ్లు పోయకండి. అది పొరబోతే వచ్చే దగ్గే ఇప్పుడు అసలు శత్రువు. మలబద్ధకం ఉంటే ముక్కకుండా మందు అడగండి. ఉబ్బసం మందులు ఆగకుండా చూడమని గుర్తు చేయండి, పిల్లికూతలు మొదలైతే దగ్గు కూడా మొదలవుతుంది. స్టెరాయిడ్ మాత్రలు ఎంతకాలం, ఏ మోతాదులో వాడిందో మీకు తెలిసినంతా ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఏళ్ల తరబడి వాడినవాళ్లకు అవి ఒక్కసారిగా ఆగిపోతే రక్తపోటు పడిపోవచ్చు. ఎప్పుడైనా ముఖానికి బిగుతుగా మాస్కు కట్టి ఒత్తిడితో గాలి ఇచ్చే యంత్రం పెట్టబోతే, ‘చీలిక సంగతి తెలుసు కదా’ అని మర్యాదగా ఒక్కమాట అనండి. రాత్రి డ్యూటీకి కొత్తగా వచ్చిన వ్యక్తికి ఆ ఒక్కమాట చాలు.

ఎవరి తప్పు అన్నారు. ఆపరేషన్‌కు మామూలుగా ఒక గొట్టం వేసినప్పుడు ఇలా కావడం చాలా అరుదు, 20,000 మందిలో ఒకరికి కావచ్చని అంచనా. రెండు ఊపిరితిత్తులకు విడివిడిగా గాలి పంపే పెద్ద గొట్టం వేసినప్పుడు అంతకన్నా ఎక్కువ. ఆడవాళ్లలో, పొట్టిగా ఉన్నవాళ్లలో, వయసు మీరినవాళ్లలో, స్టెరాయిడ్లు దీర్ఘకాలం వాడినవాళ్లలో, ఊపిరితిత్తుల జబ్బు పాతబడినవాళ్లలో ముప్పు ఎక్కువ. మీ అమ్మగారిలో ఇవి దాదాపు అన్నీ ఉన్నాయి. ఏ పొరపాటూ లేకుండానే అలాంటి గోడ చీలవచ్చు. పొరపాటు వల్ల కూడా కావచ్చు. గొట్టం లోపల పెట్టే గట్టి తీగ చివర బయటికి పొడుచుకు రావడం, కఫ్‌లో గాలి ఎక్కువ కొట్టడం, గాలి తీయకుండానే గొట్టాన్ని జరపడం, మనిషికి తగని పెద్ద గొట్టం వేయడం, పదే పదే ప్రయత్నించడం అన్నీ కారణాలే. కఫ్ ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానంగా ఉండాలి. దాన్ని కొలిచే చిన్న పరికరం ఉంది. వేలితో నొక్కి అంచనా వేసే అలవాటు చాలాచోట్ల ఇంకా పోలేదు, అది పోవాలి. కాబట్టి మత్తు డాక్టరును నేరుగా కలిసి, ఏ సైజు గొట్టం వేశారు, ఎన్ని ప్రయత్నాల్లో వెళ్లింది, కఫ్ ఒత్తిడి కొలిచారా అని అడగండి. మత్తు రికార్డు నకలు తీసుకోండి. జవాబులు దాటవేస్తే పై అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఈ వారం మాత్రం ఆ పోరాటాన్ని ఆమె మంచం దగ్గరికి తీసుకురావద్దు. ఆమెను చూస్తున్నవారితో మీకు రోజూ పని ఉంది.

మామూలు మనిషి అవుతుందా అన్నదానికి, ఇప్పుడున్న దారిలోనే సాగితే అవుతుందనే నా నమ్మకం. గొంతు మారడం చాలావరకు స్వరపేటిక చుట్టూ చేరిన గాలి వల్ల, గొట్టం రాపిడి వల్ల. గాలి తగ్గితే స్వరం తిరిగి వస్తుంది. మూడు నాలుగు వారాలకు కూడా బొంగురు పోకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించండి. చీలిక పైపొర సాధారణంగా కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో కలుస్తుంది. తినడం ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎలాంటి ఆహారంతో మొదలుపెట్టాలో డాక్టర్లే చెబుతారు. ఛాతీలో గాలి పూర్తిగా పోయిందని తేలేదాకా విమానం ఎక్కించకండి. ఎత్తుకు వెళ్లేకొద్దీ చిక్కుకున్న గాలి వ్యాకోచిస్తుంది.

ఇంటికి వెళ్లాక మెడ మళ్లీ ఉబ్బినా, చిటపటలాడినా, కఫంలో రక్తం కనిపించినా, జ్వరంతో ఛాతీ నొప్పి వచ్చినా, మింగుతుంటే నొప్పి పుట్టినా, ఒక్కసారిగా ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా ఆగవద్దు.

ఇంకొకటి ఉంది, మీ అమ్మగారి విషయంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. మానిన చోట కొందరిలో కండ పెరుగుతుంది, లేదా మచ్చ బిగుసుకొని శ్వాసనాళం సన్నబడుతుంది. అది వారాలు, నెలల తర్వాత మెట్లెక్కితే ఆయాసంగా, ఊపిరిలో కూతగా మొదలవుతుంది. ఉబ్బసం ఉన్న మనిషికి కూత వస్తే ఇంట్లోవాళ్లూ, డాక్టరూ కూడా ‘పాత ఉబ్బసమే’ అని ఇన్‌హేలర్ మోతాదు పెంచుతారు. రోగం మాత్రం అక్కడే ఉంటుంది. తేడా పట్టడానికి ఒక గుర్తు: ఉబ్బసం కూత ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు, ఛాతీ అంతా పరుచుకొని సన్నగా వినిపిస్తుంది. శ్వాసనాళం పైభాగం సన్నబడితే కూత ఊపిరి తీసుకునేటప్పుడు, గొంతు దగ్గర గరగరగా వినిపిస్తుంది. కింది భాగం సన్నబడితే అది వదిలేటప్పుడే వచ్చి ఉబ్బసాన్నే పోలవచ్చు, అందుకని చెవిని పూర్తిగా నమ్మకండి. ఇన్‌హేలర్ వాడినా తగ్గని ఆయాసమైతే చాలు, ఈ గాయం సంగతి చెప్పి మళ్లీ బ్రాంకోస్కోపీ చేయమని అడగండి. తొందరగా పట్టుకుంటే లోపలి నుంచే సన్నబడిన చోటును వెడల్పు చేయవచ్చు.

డిశ్చార్జి రోజున ఒక పని మరిచిపోకండి. చీలిక ఎక్కడ, ఎంత పొడవు, ఏ సైజు గొట్టంతో, ఏ తేదీన అయిందో డాక్టరు చేత ఒక కాగితం మీద రాయించుకొని, ఒక నకలు అమ్మ చేతిసంచిలో, ఒక ఫొటో మీ ఫోనులో ఉంచండి. రేపు కంటికో మోకాలికో మరేదైనా ఆపరేషన్ అవసరమైతే, మత్తు డాక్టరు చేతిలో మొదట పెట్టాల్సింది ఆ కాగితమే. రెండోసారి బ్రాంకోస్కోపీ చేశాక ఏం కనిపించిందో నాకు రాయండి.